టెంటు కింద చెవులు మూసుకున్న దినం

సమ్మె మొదలైన దినం పొద్దుగాల నేను లోపల్లోపల సంతోషపడ్డ. ఈ మాట ఇన్నేండ్లు ఎవ్వరికి చెప్పలే. తెలంగాణ రాష్ట్రం కోసం ఊరంత బజార్ల కూసుంటున్నదంటె, నాకు మొదలు యాదికొచ్చింది నా బల్ల మీది ఫైళ్లు. ఇగ కొన్ని దినాలు వాటిని ఎవ్వరు అడగరని పానం నిమ్మలమైంది.

అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేండ్లు. జనగామల ఒక సర్కారు ఆఫీసుల జూనియర్ అసిస్టెంటును. పుట్టింది మహబూబాబాద్ దగ్గరి తండాల. మేం ఆ ఊరిని మానుకోట అనే అంటం. హాస్టళ్లల్ల చదివి, పరీక్ష రాసి నౌకరి తెచ్చుకున్న. మా ఆయన భూపాలపల్లిల బొగ్గుబాయిల పని చేస్తుండె. ఆయన అక్కడ కంపెనీ క్వార్టర్ల, నేను ఇక్కడ ఒక్క అర్ర కిరాయి ఇంట్ల. శనివారం బస్సెక్కి హన్మకొండ, పరకాల మీదికెళ్లి పోతుంటి, సోమవారం పొద్దుగాల మళ్ల వస్తుంటి. అప్పట్ల జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడు ఒక్కటే జిల్లా.

నా బల్ల మీద ఎప్పుడు చూసినా ఏడెనిమిది ఫైళ్లు తెరిచి ఉంటుండె. మొదటిదాంట్ల నోటు రాస్తుంటె రెండోదాంట్ల సంతకం లేదని యాదికొస్తుండె. సంతకం కోసం లేస్తె తొవ్వల బీరువ కనపడుతుండె. బీరువల పాత రిజిస్టర్ల కాయితాలు ఊడిపోతున్నయని గోందు పెట్టి అంటించుకుంట కూసుంటుంటి. ఆ పని చేస్తున్నంత సేపు నన్ను ఎవ్వరు పిలిచినా ఇనపడకపోతుండె. పొద్దుమీకినంక చూస్తె రిజిస్టర్లు కొత్తగ ఉంటుండె, ఫైళ్లు మాత్రం ఒక్కటి కదలకపోతుండె. ఒకసారి రిటైరైన అటెండర్ సర్వీసు పుస్తకం కనపడకుంట పోయింది. ఆఫీసంత ఎతికిన్రు. నేను గూడ ఏడ్చుకుంట ఎతికిన. ఆ ముసలాయన పింఛను ఆగిపోయి రోజొచ్చి మెట్ల మీద కూసుంటుండె. మూడు వారాలకు అది నా సంచిలనే, టిఫిన్ గిన్నె కింద దొరికింది. నేనే పెట్టిన. ఎప్పుడు పెట్టిన్నో ఇప్పటికి నాకు తెల్వదు.

ఇటు గింత ఆగం, అటు మళ్ల అన్ని ఒక్క తీరుగ ఉండాలె. అదే కుర్చి, అదే కిటికి. స్టేషన్ పక్క సందుల నుంచే ఆఫీసుకు పోవాలె. ఆ సందుల ఎవరన్న పెండ్లి పందిరి ఏస్తె నా దినమంత ఖరాబైతుండె. రోజు పప్పు, అన్నం, అంతే. కూరగాయలు చేతికి జిగటగ తగిలితె తరుగుడు విడిచి చేతులు కడుక్కుంటుంటి. ఫ్యాన్ రెక్క కిర్రుమంటె పక్కవాళ్లకు ఇనపడకపోతుండె, నాకు మాత్రం పంటి చిగుర్లల్లకెళ్లి గుంజుతుండె.

నా తీరుకు ఎవ్వరి దగ్గర వాళ్ల జవాబు ఉండె. హాస్టల్ల నేను మాట్లాడకపోతె తండా పిల్ల, బెరుకు అన్నరు. తండాకు పోతె హాస్టల్ల సదువుకొని పొగరెక్కింది అన్నరు. ఆఫీసుల రిజర్వేషన్ల వచ్చింది గదా, గంతే ఉంటది అని నాకు ఇనపడేటట్టే అన్నరు. మా ఆయన ఒక్కటే అంటుండె, నీకు నా మీద మనసు లేదని. ఆయన చెయ్యి ఏస్తె ఉలిక్కిపడుతుంటి, అందుకు. మనసున్నది. చెప్పకుంట చెయ్యి ఏస్తె మాత్రం నిప్పు తగిలినట్టు అయితుండె. రెండు మాటలు ఒక్కసారి ఎట్ల నిజమైతయో నాకే తెల్వకపోతుండె, ఆయనకు ఎట్ల చెప్త.

తెలంగాణ రావాలె అని నాకు లేదా అంటె, మస్తుగ ఉండె. నౌకరి వచ్చిన కొత్తల శిక్షణకు హైదరాబాద్ పోయిన. అక్కడ పాఠం చెప్పేటాయన నాతోని నాలుగు మాటలు మాట్లాడిపిచ్చి, ఇదేం తెలుగమ్మా అని నవ్విండు. అందరు నవ్విన్రు. ఇంట్ల మాది వేరే భాష. తెలుగు నేను ఏడేండ్లకు బడికి పోయినంక నేర్చుకున్న. ఎవరెట్ల అంటున్నరో చూసి, మనసుల పదిసార్లు అనుకొని, అప్పుడు నోరు తెరిచేదాన్ని. అంత కష్టపడి నేర్చుకున్నది గూడ తప్పే అన్నరు. ఆ దినం నుంచి నా లెక్కల తెలంగాణ అంటె, నేను నేర్చుకున్న మాటను ఎవ్వరు నవ్వని జాగ.

గని దాని కోసం టెంటు కింద కూసోవాలె.

ఆఫీసు గేటు ముందలనే టెంటు ఏసిన్రు. పొద్దుగాల పది గంటలకు వచ్చి సంతకం పెట్టాలె, సాయంత్రం దాక కూసోవాలె. మొదటి దినం గంట సేపు ఓర్చుకున్న. తాటిపత్రి కింద ఉడుకపోత. ప్లాస్టిక్ కుర్చీలు గచ్చు మీద గుంజుతున్న చప్పుడు. పక్కామె చీర కొంగు నా మోచేతికి తాకుకుంట ఉన్నది. రోడ్డు మీదనే వంటలు చేస్తున్నరు, పోపు వాసన. పెద్ద స్పీకరు నా తల పక్కనే కట్టిన్రు. దాంట్లకెళ్లి పాట వస్తుంటె పాట మాటలు నాకు ఇనపడకపోతుండె, ఒట్టి దెబ్బలే. డప్పు మొదలైంది. మా తండాల పండుగకు నగారా కొడితె నేను జొన్న చేన్లకు ఉరుకుతుంటి, అందరు నవ్వుకుంటుండె. ఇక్కడ ఉరికేతందుకు చేను లేదు.

రెండో దినం నుంచి ఒక ఉపాయం చేసిన. సంతకం పెట్టి, మంచినీళ్లకు పోయినట్టు పోయి, ఆఫీసు ఎనుక పాత జీపులు పడేసిన కాడ కూసుంటుంటి. మధ్యల మధ్యల పోయి మొకం చూపిస్తుంటి. ఇంటికి పోతుంటె ఊరంత ఒక్కతీరు గులాబి రంగు కండువలు, నినాదాలు, నవ్వులు. నాతోటోళ్ల మొకాలల్ల ఎన్నడు లేని కళ. ఎండల మాడిపోయి గూడ సంబురంగ ఉన్నరు. నాకు వాళ్లను చూస్తె కుళ్లు పుట్టింది. వాళ్లు పదిమందిల పడి బలం తెచ్చుకుంటున్నరు. నేను పదిమందిల పడి ఉన్న బలం పోగొట్టుకుంటున్న. రాత పని ఏదన్న ఉంటె ఇయ్యున్రి, ఇంటికాడ కూసొని రాత్రింబగళ్లు రాస్త అని సూపరింటెండెంటు సారును అడిగిన. రాతతోని రాష్ట్రం వస్తదా అమ్మా అన్నడు. కోపంగ అనలే, మామూలుగనే అన్నడు.

మా ఆఫీసు టైపిస్టు అక్క నాకంటె పదేండ్లు పెద్దది. నన్ను చెల్లె అని పిలిచేది. ఒకనాడు జీపుల కాడికొచ్చి నా పక్కన కూసొని, నీ గురించి మాట్లాడుకుంటున్నరు చెల్లె, ఆంధ్రోళ్ల దిక్కు అని అంటున్నరు, రేపు ఆడోళ్ల దీక్ష, నువ్వు ముందల వరుసల కూసో, అందరి నోర్లు మూతపడుతయ్ అన్నది. ఆమె నా మంచికే చెప్పింది. సరే అన్న. ఇంటికొచ్చి చెవులల్ల దూది పెట్టుకొని చూసుకున్న. దూది బయటికి కనపడుతున్నదని తీసేసిన.

తెల్లారి మెడల బంతిపూల దండ ఏసి మమ్మల్ని ముందల కూసోబెట్టిన్రు. దండ దారం మెడకు గీరుకుపోతున్నది. నేను తాటిపత్రి కుట్లు లెక్కపెట్టుకుంట కూసున్న. నూట నలభై దాక పోయి మళ్ల మొదటికొచ్చుడు. పన్నెండు గొట్టంగ ఒక పెద్దమనిషిని స్టేజి మీదికి తీసుకొచ్చిన్రు. తరిగొప్పుల దిక్కు ఊరాయన, రైతు. డిగ్రీ చదివే ఆయన కొడుకు రాష్ట్రం కోసమని రాసిపెట్టి పానం తీసుకొని ఏడాది కాలే. టెంటు కింద చప్పుడంత ఆగిపోయింది. ఆయన మైకును రెండు చేతులతోని పట్టుకున్నడు. తర్వాత, మా కొడుకు, అని మొదలుపెట్టిండు.

అప్పుడే మైకు కూత పెట్టింది. సన్నటి కూత, సూది తీరు. ఒక చెవిల దిగి ఇంకో చెవిల తేలింది.

నేను రెండు చేతులతోని చెవులు మూసుకున్న. కండ్లు మూసుకున్న. ముందుకెనుకకు ఊగుతున్న, అది తెలుస్తున్నది, ఆపుకోవస్తలే. ఎంత సేపో తెల్వదు. కండ్లు తెరిచె వరకు దండ తెగి పూలు ఒళ్లె పడి ఉన్నయ్. కూత ఎప్పుడో ఆగిపోయింది. అందరు నన్నే చూస్తున్నరు. ఆ పెద్దమనిషి గూడ మైకు పట్టుకొని నన్నే చూస్తున్నడు. మొదలుపెట్టిన మాట విడిచి, మైకు పక్కకు ఇచ్చి దిగిపోయిండు.

సూపరింటెండెంటు సారు నన్ను గేటు పక్కకు పిలిచి అడిగిండు.

"కొడుకును పోగొట్టుకున్నోడు మాట్లాడుతుంటె చెవులు మూసుకుంటవా అమ్మా? నీకు తెలంగాణ వద్దంటె వద్దని చెప్పు, పేరు తీసేస్తం."

నేను కావాలె సార్ అన్న. మైకు అన్న. అంతకంటె ఒక్క మాట బయటికి రాలే. నాకు బాగ బాధైనప్పుడు తెలుగు మొదలు పోతది, తర్వాత మా భాష పోతది. ఇగ ఏం ఉండదు. ఆయన టెంటు దిక్కు పోయిండు. తెల్లారి నేను టెంటు కాడికి పోతె సంతకం పుస్తకం ఎవ్వరు నా ముందలికి తేలే. టైపిస్టు అక్క గూడ అటు మొకం పెట్టుకున్నది.

ఇగ జనగామల ఉండబుద్ధి కాలే. బస్సులు బంద్. రైళ్లు గూడ ఆ దినం ఆపిన్రు. జీపు ఎక్కి స్టేషన్ ఘన్‌పూర్ దాక, అక్కడికెళ్లి ఆటోల హన్మకొండ, మళ్ల పరకాల, గట్ల మూడు నాలుగు బండ్లు మారి భూపాలపల్లి చేరె వరకు పొద్దు గుంకబోతున్నది. బాయిలు గూడ బంద్ పెట్టిన్రు. మా ఆయన ఇంట్లనే ఉన్నడు. చెప్పిన. ఆయన అంత ఇని, మా భాషల అన్నడు, ఒక్క నిమిషం ఓర్చుకోలేకపోయినవా. ఓర్చుకునేదైతె ఓర్చుకోనా అన్న. మరి నాకు ఎట్ల తెలుస్తది, నువ్వు అందరి తీరుగనే ఉంటవు గదా చూస్తె, అన్నడు. ఆయన తప్పు అన్నదేం లేదు.

నేను అక్కడికి పోయిన మూడో దినం మధ్యాహ్నం ఆయన వాళ్ల టెంటు కాడికి పోయిండు. నేను స్టవ్ మీద అన్నం పెట్టిన. అన్నం ఉడికే దాక అని గూట్ల ఉన్న ఆయన కాయితాలు తీసి తారీఖుల లెక్కన సదురుతున్న. తలుపులు దబదబ బాదుతుంటె తల ఎత్తిన. అర్రంత పొగ. గిన్నె మాడి నల్లబొగ్గయింది, స్టవ్ పక్కన ఏలాడదీసిన బట్ట అంటుకున్నది. పక్క క్వార్టరోళ్లు లోపలికొచ్చి నీళ్లు పోసిన్రు. నేను ఆ పక్క అర్రలనే ఉన్న, నాకు వాసన గూడ తెల్వలే. ఇంకో ఐదు నిమిషాలైతె ఏమైతుండెనో అని వాళ్లు అనుకుంటున్నరు, నా చేతుల ఇంకా కాయితాలు ఉన్నయ్.

మా ఆయన వచ్చి గోడలు చూసిండు. కొట్టలే, తిట్టలే. మంచం మీద కూసొని మెల్లగ అన్నడు.

"నిన్ను చూసుకునుడు నాతోని అయితలేదు. రేపు పిల్లలైతె ఎట్ల?"

 నేను గూడ గదే అనుకుంటున్న. ఆ తర్వాత రెండు దినాలు ఎట్ల గడిచినయో చెప్పుడు కష్టం. చచ్చిపోవాలె అని కాదు, అసలే లేకుంట ఉంటె అందరికి బాగుండు అని, పొద్దుగాల లేస్తె అదే ఆలోచన. బిందె కాడ నీళ్లు నింపుకుంట అదే. తల దువ్వుకుంట అదే. ఒక పని సగంల విడిచి ఇంకో పని పట్టే మనిషిని, ఆ ఒక్క ఆలోచనను మాత్రం సగంల విడవకపోతుంటి. దాంతోని నాకే భయమైంది. ఆ భయంల నుంచే అనిపించింది, కొడుకును పోగొట్టుకున్న ఆ పెద్దమనిషి దగ్గరికి పోయి మాఫీ అడగాలె అని. ఎటూ ముందల చేసేతందుకు ఇంకేం లేదు.

జనగామ వచ్చి, ఊరి పేరు మాత్రమే తెల్సుకొని, ఒక ఆటోల పోయిన. ఏం అనాలెనో కాయితం మీద రాసుకున్న. ఆటో దిగి చూస్తె కాయితం లేదు. ఎక్కడ పడ్డదో. వెనుకకు పోదామనుకున్న గని ఆటో పోయింది.

ఆయన పత్తి చేన్ల ఉన్నడు. ఒక్కడే పత్తి ఏరుతున్నడు. నేను గట్టు మీద నిలబడి, నేను ఆ దినం జనగామల చెవులు మూసుకున్న మనిషిని అన్న. ఆయన తల ఎత్తి చూసి యాదికున్నది బిడ్డ అన్నడు. మాఫీ చెయ్యమన్న. ఆయన నడుముకు కట్టుకున్న పత్తి ఒడి విప్పి పక్కకు పెట్టి, గట్టు మీద కూసున్నడు. నన్ను కూసోమని చెయ్యి చూపిచ్చిండు.

"నీకు ఎట్లయితది, చెప్పు," అన్నడు.

ఏందని అడిగిన.

"చప్పుడైతె నీకు లోపల ఎట్లయితది? మా వాడు గూడ మైకు కాడ నిలవడకపోతుండె. పెండ్లిండ్లకు రాకపోతుండె. అర్రల తలుపేసుకుంటుండె. నేను మొండోడు అనుకున్న. ఒక్కనాడన్న అడగలే."

ఇరవై తొమ్మిదేండ్లల్ల నన్ను ఆ మాట అడిగినోళ్లు లేరు. నేను చెప్పిన. ఫ్యాన్ గురించి, దండ దారం గురించి, మాటలు పోవుడు గురించి, సంచిల దొరికిన పుస్తకం గురించి, మాడిన గిన్నె గురించి. తెలుగు సక్కగ వచ్చింది. ఆయన మధ్యల ఒక్కసారి గూడ ఆపలే. నా మొకం చూడకుంట చేను దిక్కు చూసుకుంట ఇన్నడు, అందుకేనేమో చెప్పగలిగిన. చివరికి అడిగిండు, గట్లున్నోళ్లకు బతుకుడు బాగ కష్టమా అని. అబద్ధం చెప్పుడు నాకు రాదు. కష్టమే బాపు అన్న. అన్నంక ఆయన మొకం చూసి, అనకుంట ఉండాల్సింది అనుకున్న. వాళ్ల కొడుకుది నాది ఒక్కటేనో కాదో నాకు ఎట్ల తెలుస్తది. రాసిపెట్టిన దాంట్ల రాష్ట్రం కోసమనే ఉన్నది. అది నిజమే అయి ఉంటది. ఆయన మాత్రం ఇంకో దిక్కు కారణం ఎతుకుతున్నడు. నేను మాఫీ కోసం పోయి ఆయనకు ఇంకో బరువు ఇచ్చి వచ్చిన. వచ్చేటప్పుడు చీకటి పడకముందె పో బిడ్డ, ఆటోలు దొరకయ్ అన్నడు. మాఫీ చేసిన అని మాత్రం అనలే.

సమ్మె అయిపోయినంక ఆఫీసుకు పోయిన. ఫైళ్లు అక్కడనే ఉన్నయ్. ఆరు నెలలకు ఒక పాత ఫైలు పోయిందని మెమో ఇచ్చిన్రు, ఆ తర్వాత మానుకోటకు బదిలీ చేసిన్రు. మా ఆయన, నేను, రెండు దిక్కుల పెద్దమనుషుల ముందల కూసొని, కొట్లాట లేకుంటనే విడిపోయినం. మా అమ్మ ఒక్కతే ఏడ్చింది. రాష్ట్రం వచ్చిన దినం మానుకోటల ఊరంత బయటనే ఉన్నది. నేను రికార్డు రూముల తలుపులు పెట్టుకొని, గోడల అవతలకెళ్లి వస్తున్న డప్పు ఇనుకుంట ఏడ్చిన. అది సంతోషం ఏడుపే, నమ్మినా నమ్మకపోయినా. గని ఎవ్వరితోని పంచుకునేదుండె, అందరు బయటనే ఉన్నరు.

ఆటిజం, ఏడీహెచ్‌డీ అనే రెండు పేర్లు నేను ముప్పై తొమ్మిదో ఏట ఇన్న. చప్పుడు, తాకుడు ఓర్వకపోవుడు మొదటిది, ఒక పని సగంల విడిచి ఇంకోటి పట్టుడు రెండోది. హన్మకొండ దవాఖానల డాక్టరమ్మ మూడు దినాలు పిలిచి అడిగింది, చిన్నప్పటి సంగతులు మా అమ్మను గూడ అడిగింది. మా అమ్మకు తెలుగు తక్కువ, నేనే మధ్యల తర్జుమా చేసిన. నా గురించి నేనే, మా అమ్మ మాటలను డాక్టరమ్మకు చెప్పిన. ఒకటి ఉంటె రెండోది దాగి ఉంటది, ఆడపిల్లలల్ల అస్సలే కనపెట్టరు అని ఆమె అన్నది. ఇది బీమారి కాదు, మీ మెదడు తీరే గంత అన్నది. అయితె మా అమ్మ అర్థం కాక, ఎన్ని దినాలల్ల తగ్గుతది అని అడగమన్నది. ఆ మాట నేను తర్జుమా చెయ్యలే.

బయటికొచ్చి మెట్ల మీద కూసొని మా ఆయనకు ఫోన్ చేసిన. ఆయనకు మళ్ల పెండ్లయింది, ఇద్దరు పిల్లలు. ఎనిమిదేండ్ల తర్వాత చేసిన ఫోన్. డాక్టరమ్మ చెప్పిందంత చెప్పిన. 

"అప్పుడే తెలిస్తె మనం ఇంకో తీరుగ ఉండేటోళ్లమా?" అన్నడు.

తెల్వదు అన్న. నిజంగనే తెల్వదు. పేరు తెలిస్తె గిన్నె మాడకుంట ఉండేదా. ఆయన, పైలంగ ఉండు అని ఫోన్ పెట్టేసిండు.

ఇప్పుడు గోలీలు ఏసుకుంటున్న. ఫైళ్లు కొన్ని కదులుతున్నయ్. చప్పుడు మాత్రం అంతే ఉన్నది. ఆఫీసుల కొత్త సారుకు డాక్టరమ్మ ఇచ్చిన కాయితం చూపించి, నా బల్ల ఫ్యాన్ కింద కాకుంట మూలకు జరపమని అడిగిన. ఆయన కాయితం చదివి, గిది అందరికి కొంచెం కొంచెం ఉంటది గదా మేడం అని నవ్విండు. జరుపుత అన్నడు, రెండు నెలలైంది. నిన్న నేనే జరుపుకున్న. గచ్చు మీద బల్ల కాళ్లు గీరుకుంట పోతుంటె ఆ చప్పుడుకు మధ్యల రెండుసార్లు ఆగి బయటికి పోయి నిలబడ్డ. మళ్ల వచ్చి జరిపిన.